ఎంత నెమ్మదిగా పరిగెత్తితే నెమ్మది?

పరుగు మొదలుపెట్టి మానేసినవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరైనా ఉంటారు. ఎందుకు మానేశారని అడిగితే "నాకు పడలేదండీ" అంటారు. ఇంకొంచెం కదిపితే అసలు సంగతి బయటికొస్తుంది. ఆయాసం, పక్కలో పోటు, పిక్కలు పట్టేయడం, రెండో వారానికల్లా మోకాలు. నా ఒళ్లు పరుగుకి పనికిరాదని తీర్పు చెప్పేసుకుని మళ్లీ నడకలోకి వెళ్లిపోతారు. ఒంటి సంగతి తర్వాత చూద్దాం. ముందు వాళ్లు ఎంత వేగంతో పరిగెత్తారో లెక్క కడితే, ఆ వేగానికి ఆ ఒంట్లో అలా కాకుండా ఇంకోలా ఎలా ఉంటుంది అనిపిస్తుంది.

ఆ లెక్క పెద్ద కష్టం కాదు. ఒళ్లు ఎంత శ్రమపడుతోందో కొలవడానికి ఆక్సిజన్‌ని చూస్తారు. కిలో బరువుకి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వాడుతున్నాం అని. దీనికి అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వాళ్ల సూత్రం ఒకటి ఎప్పట్నుంచో వాడుకలో ఉంది. దాని ప్రకారం చదునైన రోడ్డు మీద గంటకి 6 కిలోమీటర్ల వేగంతో చురుగ్గా నడిస్తే అయ్యే ఖర్చు 13.5. అదే 6 కిలోమీటర్ల వేగంతో నడవకుండా పరిగెత్తితే 23.5. గమనించండి, వేగం ఒక్క మీటరు కూడా పెరగలేదు. నడక పరుగుగా మారిందంతే, ఖర్చు ముప్పావు వంతు పెరిగింది. పరుగులో ప్రతి అడుగుకీ రెండు కాళ్లూ నేల వదులుతాయి, ఒంటి బరువు మొత్తాన్ని గాల్లోకి లేపి మళ్లీ పట్టుకోవాలి. ఖర్చంతా అక్కడుంది.

ఇప్పుడు పదేళ్లుగా కుర్చీలో కూర్చుని పనిచేస్తున్న ముప్పై అయిదేళ్ల మనిషిని తీసుకుందాం. అతని ఒళ్లు గట్టిగా ప్రయత్నిస్తే వాడగలిగే ఆక్సిజన్ 35 అనుకుందాం. అలాంటి జీవితానికి అది మరీ తక్కువేం కాదు. ఇతను జనవరి ఒకటో తారీఖున కొత్త షూ వేసుకుని గంటకి 8 కిలోమీటర్ల వేగం అందుకుంటాడు. అంటే కిలోమీటరుకి ఏడున్నర నిమిషాలు. రన్నింగ్ గ్రూపుల్లో ఈ పేస్ చెబితే "అది జాగింగే కదా" అని తీసిపారేస్తారు. కానీ దాని ఖర్చు 30. అతని మొత్తం సామర్థ్యంలో 86 శాతం! బాగా తర్ఫీదైన రన్నర్లు ఆ స్థాయి శ్రమని పోటీ రోజుకో, వారంలో ఒకట్రెండు కఠినమైన సెషన్లకో దాచుకుంటారు. మనవాడు మొదటి రోజే, అదీ టీ తాగి వచ్చి, మొదలుపెట్టేశాడు.

రెండో వైపు చూడండి. 2022లో బెర్లిన్‌లో కెన్యా రన్నర్ ఎలియుడ్ కిప్చోగే మారథాన్‌ని 2 గంటల 1 నిమిషం 9 సెకన్లలో ముగించాడు. కిలోమీటరుకి దాదాపు 2 నిమిషాల 52 సెకన్లు. ఆ స్థాయి రన్నర్లు ఈజీ రన్‌కి వెళ్లిన రోజున కిలోమీటరుకి నాలుగు నిమిషాలు, ఇంకా ఎక్కువే తీసుకుంటారు. మనకి అది ప్రాణం పోయే పరుగు. వాళ్ల సామర్థ్యం 80కి దగ్గర్లో ఉంటుంది కాబట్టి ఆ నాలుగు నిమిషాల పేస్ వాళ్లకి డెబ్బై శాతం లోపే. అంటే శ్రమ లెక్కలో చూస్తే కెన్యా రన్నర్ నెమ్మదిగా వెళ్తున్నాడు, మన కాలనీ రన్నర్ దూసుకుపోతున్నాడు. నెమ్మది అనేది వాచ్‌లో కనిపించే పేస్ కాదు. ఎవరి ఒంటికి ఆ పేస్ ఎంత బరువు అన్నదే లెక్క.

ఇక్కడ కొత్తవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. సాధన లేని ఒంట్లో హాయిగా సాగే శ్రమకి పైహద్దు సామర్థ్యంలో సగం దగ్గరో, అరవై శాతం దగ్గరో ఉంటుంది. మన మనిషికి అది 18 నుంచి 21. నడక 13.5 దగ్గర ఆగిపోయింది, అతి నెమ్మది పరుగు కూడా 23 దగ్గర మొదలవుతోంది. సరిగ్గా అతనికి కావలసిన చోట ఏమీ లేదు, మెట్లలో ఒక మెట్టు ఊడిపోయినట్టు. అందుకే "నెమ్మదిగా పరిగెత్తు" అనే సలహా విని ఎంత తగ్గించినా ఆయాసం తగ్గదు. అతనికి నెమ్మది పరుగు అంటే పరుగూ నడకా కలిపి చేసుకునేదే. ఒక నిమిషం పరుగు, అర నిమిషం నడక. రెండిటి సగటు తీస్తే ఊడిపోయిన మెట్టు దగ్గరికొస్తుంది. మధ్యలో నడవడం ఓడిపోవడమని ఎవరు చెప్పారో గానీ, ఆ మాట వల్ల పరుగు మానేసినవాళ్లు చాలామంది.

నవ్వు మొహంతో పరుగు

ఇలాంటి నెమ్మది పరుగుని బాగా ప్రచారం చేసినవాడు జపాన్‌లో ఫుకుఓకా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ హిరోఆకి టనాకా. తన పద్ధతికి ఆయన "నికో నికో" పేస్ అని పేరు పెట్టాడు. మొహం మీద నవ్వు చెక్కుచెదరకుండా ఉండే వేగం అన్నమాట. పక్కవాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ, ఊపిరి బరువెక్కకుండా సాగాలి. మొదట్లో అది నడక కంటే తక్కువ వేగమైనా ఫరవాలేదంటాడు. గుండె వేగం లెక్క కావాలన్నవాళ్లకి 138లోంచి వయసులో సగం తీసేయమన్నాడు. నలభై ఏళ్లవాళ్లకి 118. మన రన్నింగ్ గ్రూపుల్లో ఈ సంఖ్య చెబితే నవ్వుతారు, కాబట్టి ఆ పేరు ఇంకోలా కూడా సరిపోతుంది.

ఈ పరుగు చూడ్డానికి ఎలా ఉంటుందంటే, అడుగులు చిన్నవి, కానీ గబగబా పడతాయి. నిమిషానికి 180 దాకా. గంటకి 6 కిలోమీటర్ల వేగంలో 180 అడుగులంటే ఒక్కో అడుగు 55 సెంటీమీటర్లు. మన ఇళ్లల్లో వేసే రెండడుగుల టైల్ కంటే ఇంచో రెండించీలో తక్కువ. కావాలంటే ఇంట్లోనే వరండాలో ప్రయత్నించి చూడండి. వేగం తగ్గించమనగానే మనం చేసే పని అడుగుల సంఖ్య తగ్గించడం. అప్పుడు అడుగు పొడుగవుతుంది, మడమ ముందుకెళ్లి నేలని గుద్దుతుంది, ప్రతి అడుగుకీ ఒళ్లు ఎగిరి పడుతుంది. తగ్గించాల్సింది అడుగు పొడవుని. పాదం ఒంటి కిందే పడాలి, మడమ కంటే ముందు పాదం మధ్యభాగం నేలకి ఆనాలి, కాలివేళ్లతో వెనక్కి తన్నకూడదు. వీపు నిటారుగా, చూపు ఎదురుగా. మొదటి రెండు వారాలు పిక్కలు కాస్త పట్టేస్తాయి, ఎందుకంటే మడమ మీద పడే పని ఇప్పుడు వాటి మీదికి వచ్చింది. పొడుగ్గా ఉన్నవాళ్లకి ఇది మరీ ఇబ్బందిగా అనిపిస్తుంది, ఒకే చోట గెంతుతున్నట్టు. నాకు తెలిసి దానికి మందు లేదు, అలవాటు కావడమే.

పేస్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి శాస్త్రవేత్తలు కూడా ఒప్పుకునే పరీక్ష మాటలు. పూర్తి వాక్యాలు ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే సరే. ఒంటరిగా పరిగెత్తేవాళ్లు స్కూల్లో బట్టీపట్టిన ఆటవెలది పద్యం ఏదైనా చెప్పుకోవచ్చు. రెండేసి పాదాలకి ఒక ఊపిరి చొప్పున నాలుగు పాదాలూ తడబడకుండా వస్తే మీరు హద్దు లోపలే ఉన్నారు. పాదానికొక ఊపిరి పడుతోందంటే హద్దు మీద ఉన్నారు. మాట మధ్యలో తెగిపోతోందంటే దాటేశారు. చుట్టుపక్కలవాళ్లు వింతగా చూస్తారంటారా, కేబీఆర్ పార్కులో ఫోన్లో షేర్ మార్కెట్ గురించి అరుచుకుంటూ నడిచేవాళ్లని ఎవరూ చూడ్డం లేదు, పద్యం చెప్పేవాళ్లనీ చూడరు.

హద్దు దాటితే ఏమవుతుంది

హద్దు కింద ఉన్నంతసేపూ కండరాలు ఎక్కువగా కొవ్వునీ, కొంత పిండిపదార్థాన్నీ ఆక్సిజన్‌తో కాల్చుకుంటాయి. ఆ పనిలో లాక్టేట్ అనే పదార్థం కొంచెం పుడుతుంది. దాన్ని చెత్త అనీ, మర్నాడు కాళ్లు నొప్పి పెట్టడానికి అదే కారణమనీ చాలాకాలం అనుకున్నారు. రెండూ తప్పు. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జార్జ్ బ్రూక్స్ అనే శాస్త్రవేత్త దశాబ్దాలపాటు చేసిన పని వల్ల తేలిందేమిటంటే, లాక్టేట్ కూడా ఇంధనమే. ఒక కండరంలో పుట్టినదాన్ని పక్క కండరం, గుండె తీసుకుని వాడుకుంటాయి. నెమ్మదిగా ఉన్నప్పుడు పుట్టేదీ వాడేదీ సమానంగా ఉంటాయి. వేగం పెంచితే పుట్టేది ఎక్కువై రక్తంలో పోగవుతుంది, ఊపిరి ఒక్కసారిగా జోరందుకుంటుంది. మాట తెగిపోయేది అక్కడే.

వారాలపాటు హద్దు కిందే పరిగెత్తితే కండరాల్లో మైటోకాండ్రియా, అంటే కణాల్లో శక్తి తయారుచేసే భాగాలు, పెరుగుతాయి, వాటి చుట్టూ సన్నటి రక్తనాళాలు కొత్తగా అల్లుకుంటాయి, గుండె ఒక్కో కొట్టుకి ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది. ఇవన్నీ వేగంగా పరిగెత్తినా వస్తాయి. మరి నెమ్మదికి ఉన్న ప్రత్యేకత ఏమిటంటే, ఆ పని రోజూ చేసినా మర్నాడు లేవగలం. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే మెరుగుపడతాయి. టెండన్లు (కండరాన్ని ఎముకకి కట్టి ఉంచేవి), ఎముకలు గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఊపిరి బాగుందని మూడో వారంలో వేగం పెంచినవాళ్లకి నాలుగో వారంలో కాలు ముందుభాగంలో ఎముక నొప్పి వచ్చేది ఈ తేడా వల్లే.

ఇక కొవ్వు సంగతి. జిమ్ ట్రెడ్‌మిల్ మీద "ఫ్యాట్ బర్నింగ్ జోన్" అని ఒక రంగు గీత ఉంటుంది. అది చూసి నెమ్మదిగా పరిగెత్తితే పొట్ట కరుగుతుందని చాలామంది నమ్మకం. నెమ్మదిగా ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో కొవ్వు వాటా ఎక్కువన్నది నిజం. కానీ బరువు తగ్గేది వాటాలని బట్టి కాదు, రోజు మొత్తం మీద తిన్నదీ ఖర్చయిందీ చూసుకుంటేనే. పరుగుకి సుమారుగా కిలో బరువుకి కిలోమీటరుకి ఒక క్యాలరీ అవుతుంది, వేగం ఎంతైనా పెద్ద తేడా రాదు. 70 కిలోల మనిషి 5 కిలోమీటర్లు అరగంటలో వెళ్లినా ముప్పావు గంటలో వెళ్లినా 350 క్యాలరీలే. దారిలో హోటల్ దగ్గర ఆగి మసాలా దోశ తింటే దాదాపు చెల్లు. నెమ్మదిగా వెళ్లేవాడికి ఉన్న లాభమల్లా, అతను రేపు కూడా ఆ 5 కిలోమీటర్లు వెళ్లగలడు.

చెప్పులు కుట్టే ఫ్యాక్టరీ నుంచి ఒలింపిక్స్ దాకా

నెమ్మది పరుగు గురించి ఏ రన్నింగ్ కోచ్ మాట్లాడినా చివరికి ఆర్థర్ లిడియార్డ్ దగ్గరికొస్తాడు. న్యూజీలాండ్‌లో ఆక్లండ్‌వాడు, బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఏ కాలేజీలోనూ శాస్త్రం చదవలేదు. 1940ల్లో, 1950ల్లో తన ఒంటి మీదే ప్రయోగాలు చేసుకున్నాడు, వారానికి 160 కిలోమీటర్ల దాకా పరిగెత్తి చూసుకున్నాడు. అప్పట్లో మధ్యదూరం రన్నర్లంటే ట్రాక్ మీద చిన్న చిన్న దూరాలు గట్టిగా పరిగెత్తడమే సాధన. లిడియార్డ్ మాత్రం తన దగ్గరికొచ్చిన కుర్రాళ్లందర్నీ ప్రతి ఆదివారం వైటాకెరె కొండల్లో 35 కిలోమీటర్ల దారిలో తిప్పాడు. వాళ్లలో పీటర్ స్నెల్ కూడా ఉన్నాడు. అతను పోటీలో పరిగెత్తేది 800 మీటర్లు, రెండు నిమిషాలు కూడా పట్టదు. రెండు నిమిషాల పనికి రెండు గంటలకి పైగా సాధన ఏమిటని అందరూ నవ్వారు.

1960లో రోమ్ ఒలింపిక్స్‌లో ఒకే రోజు, గంట తేడాలో, స్నెల్‌కి 800 మీటర్లలో, మరో శిష్యుడు ముర్రే హాల్‌బర్గ్‌కి 5000 మీటర్లలో స్వర్ణాలు వచ్చాయి. ఇథియోపియా రన్నర్ అబెబె బికిలా ఉత్త కాళ్లతో గెలిచిన ఆ ఒలింపిక్ మారథాన్‌లో మూడో స్థానం బ్యారీ మగీది. ముగ్గురూ ఒకే కోచ్ దగ్గర తయారైనవాళ్లు.

లిడియార్డ్ పేరు చెప్పి "నెమ్మదిగా పరిగెత్తితే పతకాలొస్తాయి" అనేవాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఆయన శిష్యులు కొండల్లో కబుర్లు చెప్పుకుంటూ తిరగలేదు. హాయిగా మొదలై చివరికి బాగానే బిగిసే పరుగులవి. పైగా ఆ నెలల పునాది తర్వాత కొండ ఎక్కుడు సాధన, ట్రాక్ మీద వేగం అన్నీ ఉండేవి. నెమ్మది ఆయన పద్ధతిలో మొదటి అంతస్తు మాత్రమే.

మనలాంటివాళ్లకి ఆయన చేసిన అసలు మేలు వేరే ఉంది. 1960ల మొదట్లో ఆక్లండ్‌లో గుండె జబ్బు వచ్చినవాళ్లని, లావైన మధ్యవయసు ఉద్యోగుల్ని పోగేసి నెమ్మదిగా పరిగెత్తించాడు. గుండెపోటు వచ్చినవాళ్లని మంచం దిగొద్దనే రోజులవి. 1962 చివర్లో అమెరికా నుంచి బిల్ బోవర్‌మన్ అనే ట్రాక్ కోచ్ ఆయన్ని చూడ్డానికి వచ్చాడు. ఆ తర్వాతి కాలంలో నైకీ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకడిగా పేరు పడ్డది ఈయనే. వయసు 51. తను ఫిట్‌గానే ఉన్నానని నమ్మకం. లిడియార్డ్ జాగింగ్ బృందంతో కలిసి బయల్దేరాడు. కాసేపటికే వెనకబడిపోయాడు. డెబ్బై దాటిన ఒక పెద్దాయన, అప్పటికే గుండెపోటు వచ్చి తట్టుకున్న మనిషి, ఆయనకి తోడుగా వెనకే ఉండి దారంతా తీసుకొచ్చాడు. బోవర్‌మన్ ఒరెగాన్ తిరిగి వెళ్లి ఊరివాళ్లకి జాగింగ్ క్లాసులు పెట్టాడు, 1967లో ఒక కార్డియాలజిస్టుతో కలిసి దాని మీద పుస్తకం వేశాడు. అమెరికాని పరుగు పిచ్చి పట్టిన దేశంగా చేసిన దారాల్లో ఇదొకటి. మన పార్కుల్లో "జాగింగ్ ట్రాక్" బోర్డులకి పాతమూలం కూడా ఇక్కడే ఉంది.

ఎనభై, ఇరవై

ఈ మధ్య యూట్యూబ్ నిండా "జోన్ టూ" మాటే, అంటే హద్దు కిందే ఉండే తేలిక శ్రమ. దాని వెనక ఉన్న పెద్ద పేరు స్టీఫెన్ సైలర్, నార్వేలో పనిచేసే అమెరికన్ శాస్త్రవేత్త. ప్రపంచ స్థాయి స్కీయర్లు, రోయర్లు, రన్నర్ల డైరీలు తిరగేసి, వాళ్ల సాధనలో దాదాపు 80 శాతం సెషన్లు తేలిక, 20 శాతం కఠినం అని చూపించాడు. మధ్యస్థంగా కష్టపడేది చాలా తక్కువ. మామూలు రన్నర్లు దీనికి సరిగ్గా తలకిందులు. తేలిక రోజున కొంచెం గట్టిగా, గట్టి రోజున కొంచెం తక్కువగా పరిగెత్తి, అన్ని రోజులూ ఒకే బూడిదరంగులో గడిపేస్తారు. ఆయాసం ఉంటుంది, మెరుగుదల ఉండదు.

అయితే ఆ డైరీలు వారానికి పన్నెండు, పదిహేను గంటలు సాధన చేసేవాళ్లవి. వాళ్లు 80 శాతం నెమ్మదిగా ఉండటానికి ఒక కారణం, అన్ని గంటలు గట్టిగా చేస్తే ఒళ్లు మిగలదు. వారానికి రెండున్నర గంటలు పరిగెత్తే బ్యాంకు ఉద్యోగికి ఆ లెక్క ఉన్నదున్నట్టు అతకదు. 2025లో వచ్చిన ఒక శాస్త్రీయ సమీక్ష ఇదే వాదన చేసింది. మైటోకాండ్రియా పెంచడానికి జోన్ టూయే అన్నిటికంటే మంచిదనడానికి ఆధారాలు చాలవనీ, టైం తక్కువున్నవాళ్లు కొంత గట్టి శ్రమ వదులుకోకూడదనీ. నేను దీంతో ఏకీభవిస్తాను. నెమ్మది పరుగుని మహిమగల మందులా అమ్మేవాళ్లంటే నాకు అనుమానమే. వేగం పెరగాలన్నా, ఒంటి గరిష్ఠ సామర్థ్యం పెరగాలన్నా ఎప్పుడో అప్పుడు ఊపిరాడని పరుగు తప్పదు.

మరి నెమ్మదినే ఎందుకు సమర్థిస్తున్నానంటే, మైటోకాండ్రియా కోసం కాదు. బాగుంటుంది కాబట్టి. ఇది తేలిక మాటలా వినిపిస్తుంది గానీ దీని వెనక చాలా పరిశోధన ఉంది. అయోవా స్టేట్ యూనివర్సిటీలో పంటెలైమన్ ఎక్కెకాకిస్ అనే మనస్తత్వవేత్త వ్యాయామం చేసేవాళ్లని చేశాక కాకుండా, చేస్తుండగా, నిమిషాల తేడాతో ఎలా ఉందని అడుగుతూ వెళ్లాడు. ఊపిరి మారే హద్దు కింద కొందరికి బాగుంటుంది, కొందరికి అంతంతమాత్రం. హద్దు దాటాక దాదాపు అందరికీ బాధే. కానీ ఆగగానే అందరికీ హాయి. ఆ ఆఖరి హాయి మనల్ని మోసం చేస్తుంది. పరుగు అయ్యాక "ఎంత బాగుందో" అనుకునేది చాలాసార్లు పరుగు గురించి కాదు, పరుగు ఆగిపోయినందుకు. మర్నాడు పొద్దున్న అలారం మోగినప్పుడు ఒంటికి గుర్తొచ్చేది ఆ హాయి కాదు, దాని ముందటి ఇరవై నిమిషాలు. దుప్పటి మళ్లీ మొహం మీదికి వస్తుంది.

పరుగులో వచ్చే ఆ మత్తులాంటి తేలికదనం గురించి కూడా ఒక పాత నమ్మకం ఉంది, దానికి కారణం ఎండార్ఫిన్లని, అంటే ఒంట్లో పుట్టి నొప్పి తగ్గించే రసాయనాలని. జర్మనీలో హాంబర్గ్ పరిశోధకులు 2021లో దీన్ని పరీక్షించారు. కొందరికి ఎండార్ఫిన్లు పనిచేయకుండా అడ్డుకునే మందిచ్చి 45 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో పరిగెత్తించారు. ఆ మందు వేసుకున్నవాళ్లకి కూడా ఆ ఆనందం వచ్చింది. దానికి అసలు కారణం ఒంట్లోనే పుట్టే ఎండోకెనబినాయిడ్లు (గంజాయిలోని పదార్థాల్లాంటివి) అయ్యుండాలన్న వాదనకి అది బలం. నడకలో అవి పెద్దగా పెరగవు, ప్రాణం పెట్టి పరిగెత్తితే కూడా పెరగవు, మధ్యలో ఉన్న శ్రమలోనే పెరుగుతాయని అంతకుముందే వేరే పరిశోధన చూపించింది.

ఆరోగ్యం మాటకొస్తే, తక్కువ పరుగు చాలు అనడానికి గట్టి ఆధారం ఉంది. అమెరికాలో 55,137 మందిని సగటున పదిహేనేళ్లు గమనించిన అధ్యయనం 2014లో వచ్చింది. పరిగెత్తేవాళ్లలో ఏ కారణంతోనైనా మరణించే ప్రమాదం 30 శాతం, గుండె జబ్బుతో మరణించే ప్రమాదం 45 శాతం తక్కువ. గంటకి పది కిలోమీటర్ల లోపు వేగంతో, రోజుకి అయిదు పది నిమిషాలు పరిగెత్తినవాళ్లకి కూడా లాభం స్పష్టంగా కనిపించింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే పరుగుకి వస్తారు కదా అన్న ప్రశ్న ఇలాంటి అధ్యయనాలన్నిటికీ ఉంటుంది, దీనికీ ఉంది. మరుసటి ఏడాది కోపెన్‌హాగెన్ నుంచి వచ్చిన ఇంకో అధ్యయనంతో "గట్టిగా పరిగెత్తితే అసలు పరిగెత్తనట్టే" అని పేపర్లు హడావిడి చేశాయి. ఆ గట్టిగా పరిగెత్తే గుంపులో మొత్తం మరణాలు రెండే. రెండు మరణాల మీద అంత పెద్ద మాట నిలవదు. నెమ్మది పరుగుని ఇష్టపడేవాళ్లం కాబట్టి మనకి అనుకూలమైన వార్తని ఎగబడి పట్టుకోనక్కర్లేదు.

మోకాళ్ల విషయంలో మాత్రం ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పడానికి ఒక లెక్క ఉంచుకోండి. 2017లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే తుంటి, మోకాలి ఆర్థరైటిస్ సరదాకి పరిగెత్తేవాళ్లలో 3.5 శాతం, అసలు పరిగెత్తనివాళ్లలో 10.2 శాతం, పోటీల స్థాయిలో పరిగెత్తేవాళ్లలో 13.3 శాతం కనిపించింది. అప్పటికే మోకాలు దెబ్బతిన్నవాళ్లకి ఈ లెక్క వర్తించదు, డాక్టర్ మాటే వినాలి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఇన్సులిన్ వాడేవాళ్లు కూడా అంతే. బీపీకి బీటా బ్లాకర్ వేసుకునేవాళ్లకి గుండె వేగం సూత్రాలేవీ పనిచేయవు, ఆ మందు గుండె వేగాన్నే తగ్గిస్తుంది.

మన ఎండ, మన ఫ్లైఓవర్లు

పైన చెప్పినవన్నీ చల్లటి దేశాల ప్రయోగశాలల్లో కొలిచినవి. మన దగ్గర ఇంకో బరువుంది. ఎండలో, ఉక్కలో ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది. కండరాలకి అంతే రక్తం పంపాలంటే గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాలి. డిసెంబరులో హాయిగా ఉన్న పేస్ మే నెలలో అదే మనిషికి, అదే దారిలో, నిమిషానికి పది పదిహేను ఎక్కువ కొట్లు అడుగుతుంది. విశాఖ బీచ్ రోడ్డులో, విజయవాడ కృష్ణ ఒడ్డున గాలిలో తేమకి చెమట ఆరదు, కాబట్టి ఇంకా ఎక్కువ. అలాంటప్పుడు పేస్ నిలబెట్టుకోవాలని చూడటం మొండితనం. కిలోమీటరుకి నిమిషం ఎక్కువ పట్టనివ్వండి, పద్యం తెగకుండా ఉంటే చాలు.

ఫ్లైఓవర్ సంగతి కూడా ఇంతే. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్ నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి వైపు ఎక్కుతూ దిగుతూ వెళ్తుంది, దేశంలో కష్టమైన సిటీ మారథాన్‌గా దానికి పేరు. అయిదు శాతం ఎక్కుడులో గంటకి 6 కిలోమీటర్లతో పరిగెత్తితే ఆ పాత సూత్రం ప్రకారం ఖర్చు 23.5 నుంచి 28కి పోతుంది. అదే ఎక్కుడు గంటకి 5 కిలోమీటర్లతో నడిస్తే 19. తేలిక రోజున ఫ్లైఓవర్ మీద నడిచి, దిగుడులో మళ్లీ పరుగందుకునేవాడు బద్ధకస్తుడు కాదు, లెక్క తెలిసినవాడు.

వాచ్‌ని కూడా పూర్తిగా నమ్మొద్దు. మణికట్టు కింద పచ్చ లైటుతో కొలిచే వాచ్‌లు ఒక్కోసారి గుండె కొట్టుకోవడాన్ని వదిలేసి అడుగుల తాళాన్ని పట్టుకుంటాయి. మీరు హాయిగా మాట్లాడుకుంటూ వెళ్తుంటారు, వాచ్ 172 చూపిస్తుంది. అది మీ గుండె కాదు, మీ కాళ్లు. పట్టీ కాస్త బిగించి, మణికట్టు ఎముకకి రెండు వేళ్లు పైకి జరిపితే చాలావరకు సర్దుకుంటుంది. వాచ్‌ల జోన్లు కూడా చాలావాటిలో 220లోంచి వయసు తీసేసే సూత్రం మీద కట్టినవే. ఆ సూత్రం సగటుకి సరిపోతుంది గానీ ఒక్కో మనిషికి పది, పన్నెండు కొట్లు అటూ ఇటూ ఉండటం మామూలు. వాచ్ ఒకటి చెప్పి ఊపిరి ఇంకోటి చెబితే ఊపిరి మాటే వినండి.

అన్నిటికంటే కష్టమైనది మనుషులు. ఆదివారం పొద్దున నెక్లెస్ రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తుంటే దాటి వెళ్లే కుర్రాడు వెనక్కి తిరిగి, "ఏంటన్నా, కాలికేమైనా దెబ్బా?" అని నిజంగా జాలితోనే అడుగుతాడు. "లేదు తమ్ముడూ, ఇవాళ ఈజీ" అంటే నమ్మడు. చేతికర్రతో నడిచే అంకుల్ ఒకాయన మనల్ని దాటేసినప్పుడు మాత్రం నిజంగానే కొంచెం చురుక్కుమంటుంది. రన్ అయ్యాక యాప్‌లో పెట్టాల్సిన పేస్ గుర్తొచ్చి చివరి కిలోమీటరు లాగించేవాళ్లు ఎంతమందో! యాప్‌లో పేస్ కనిపించకుండా దాచుకునే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని వాడుకోండి. ఆడవాళ్లకి ఈ చూపుల బరువు ఇంకా ఎక్కువ. నేను చూసినంతలో చున్నీ బిగించి కాలనీ రోడ్డులో నలుగురైదుగురు కలిసి మాట్లాడుకుంటూ చేసే నెమ్మది జాగింగే ఎక్కువకాలం నిలుస్తుంది. గుంపులో అందరికంటే నెమ్మదిగా వెళ్లేవారి పేసే గుంపు పేస్ అని ముందే అనుకుంటే గొడవుండదు. వీధికుక్కలు వెంటపడితే ఆగి నడవడం మేలు, పరిగెత్తేవాళ్లని చూస్తేనే వాటికి హుషారు. నెమ్మదిగా ఉన్నవాళ్లకి ఆగడం తేలిక.

మూడు నాలుగు నెలలకి, అదే దారిలో అదే ఊపిరితో వెళ్తున్నా కిలోమీటరుకి నిమిషం తక్కువ పడుతోందంటే లోపల పని జరిగిందన్నమాట. నడక విరామాలు వాటంతటవే పలచబడతాయి. అప్పుడు వేగం కలుపుకోవచ్చు. వారంలో ఒక రోజు, ఈజీ రన్ చివర్లో, చదునైన చోట ఇరవై సెకన్లు గట్టిగా, ఒంటిని బిగబట్టకుండా పరిగెత్తి ఒక నిమిషం నడవండి. నాలుగుసార్లతో మొదలుపెట్టి ఆరుకి పెంచండి. ఇంకో నెలకి అదే రోజున రెండు నిమిషాల గట్టి పరుగులు మూడో నాలుగో పెట్టుకోవచ్చు. మిగతా రోజులన్నీ పద్యం వేగంలోనే.